కమ్మీ దిగని ఎలుక

మా అపార్ట్‌మెంట్‌లో నన్ను ‘ఎలుకల మేడమ్’ అంటారు. వాచ్‌మన్ భార్య అయితే వాళ్ళ గదిలోకి ఎలుక దూరినప్పుడల్లా వచ్చి నా తలుపు కొడుతుంది. “నేను ఎలుకల్ని పట్టేదాన్ని కాదమ్మా, వాటికి మందులిచ్చేదాన్ని” అంటే, “అదేగదండీ మాక్కావాల్సింది” అంటుంది. ఇంత చదువూ, ఇంత ఉద్యోగమూ చివరికి అక్కడికొచ్చి ఆగింది!

ఫార్మసీ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, “మేడమ్, ఈ ఉద్యోగం ఎలా ఉంటుంది?” అని అడుగుతుంటారు. జీతాలూ ప్రమోషన్లూ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. తెలియనిదల్లా పని. అందుకే ఇది రాస్తున్నాను. రిటైరయ్యాను కాబట్టి ఎవరికీ భయపడాల్సిన అవసరం లేదు. అప్పుడూ పెద్దగా భయపడలేదనుకోండి.

నేను చేసిన పని ఒక్కటే. మనసు చెదిరినవాళ్ళ కోసం తయారయ్యే కొత్త మందుల్ని, మనుషులకి ఇవ్వకముందు ఎలుకల మీద పరీక్షించడం. ఎవరూ లేకుండా మాటలు వినబడటం, ఎవరో తనని చంపడానికి తిరుగుతున్నారనుకోవడం, ఆ జబ్బు గురించి చెప్తున్నాను. దానికి మందులు లేక కాదు. ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కాకపోతే పాతవి మనిషిని కట్టేస్తాయి. ఒళ్ళు బిగుసుకుపోతుంది, చేతులు వణుకుతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది. తర్వాత వచ్చినవి కొంతమందిని ఊదేస్తాయి. బరువు, షుగరు, పొద్దస్తమానం నిద్ర. జబ్బుని పట్టుకుని మనిషిని వదిలేసే మందు కావాలి. మా తంటాలన్నీ దానికోసమే.

మత్తు వేరు, మందు వేరు

నాకు పని నేర్పింది సుబ్రహ్మణ్యం గారు. బక్కపలచని మనిషి, గట్టిగా మాట్లాడ్డం ఎరగడు. మా గుంటూరు మనుషుల మధ్య ఆయన ఎలా నెగ్గుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చేరిన కొత్తలో ఒక మందు నా చేతికొచ్చింది. ముందు ఎలుకకి ఒక ఇంజెక్షన్ ఇస్తే అది పిచ్చిపట్టినట్టు పెట్టెలో గిరగిరా తిరుగుతుంది. అప్పుడు మన మందు ఇచ్చి, తిరుగుడు తగ్గుతుందా లేదా అని చూడాలి. ఎంత చక్కగా తగ్గిందనుకున్నారు! నా ఎలుకలన్నీ బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి. కాళ్ళు నేలమీద ఆనకుండా పరిగెత్తుకెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాను. ఆయన ఒక పల్లీ గింజ తీసి ఎలుక ముక్కు దగ్గర పెట్టారు. అది కన్ను కూడా తెరవలేదు.

“ఇది జబ్బు తగ్గడం కాదమ్మా జయా, పడుకోవడం. నువ్విచ్చింది మందు కాదు, జోలపాట” అన్నారు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ ఆ రోజు నుంచి లెక్కలు చూసేముందు జంతువుని చూడ్డం నేర్చుకున్నాను. మీరూ అదే చెయ్యండి. ఇప్పుడు కెమెరాలొచ్చాయి, కంప్యూటర్లే లెక్కపెట్టేస్తున్నాయి. ఎలుక కదల్లేదని చెప్పడానికి కంప్యూటరు చాలు. ఎందుకు కదల్లేదో చెప్పడానికి మాత్రం మీరు వెళ్ళి దాని ముందు కూర్చోవాలి. నడుం నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

ఆడ ఎలుకలంటే భయం

సుబ్రహ్మణ్యం గారి తర్వాత రంగారావు గారు డైరెక్టరుగా వచ్చారు. ఈయనది పూర్తిగా ఎదురు వాటం. మేడమీద మాట్లాడితే గేటు దగ్గర వినపడేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆయన పరీక్షలన్నీ మగ ఎలుకల మీదే చేయించేవారు. “ఆడవాటితో తలనొప్పి. ఇవాళ ఒకలా ఉంటాయి, రేపొకలా ఉంటాయి” అనేవారు.

“ఆడవాళ్ళకి ఈ జబ్బు రాదాండీ?” అన్నాను ఒకసారి మీటింగులో.

“నాతో పోట్లాటకొచ్చావా?”

“లేదండీ, ఆడ ఎలుకలు అడగడానికొచ్చాను.”

అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. అలా నాకు ఆడ ఎలుకలొచ్చాయి. మగవాటిలో బరువు తేడా ఏమీ చూపించని ఒక మందు, ఆడవాటికి ఇచ్చేసరికి అవి బూరెల్లా ఉబ్బాయి. మనుషుల్లో ఆ రకం మందులతో మనం చూసేదే అది. మగ ఎలుకలు మాత్రం ఆ కబురు మనకి సరిగ్గా చెప్పవు. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా రంగారావు గారు, “మా దగ్గర మొదట్నించీ ఆడ ఎలుకలు వాడటం పద్ధతి” అనేవారు. అనుకోనివ్వండి. మీ పైవాడు మీ మాటని తన మాటగా చెప్పుకుంటున్నాడంటే మీరు గెలిచారని అర్థం. దాని దగ్గర మూతి ముడుచుకుని కూర్చోకండి.

శేషు

ఇక్కడ మావాడి సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు.

శేషు నా తమ్ముడు. దర్శిలో టైలరు. వాడి చేతి జాకెట్టు వేసుకున్నవాళ్ళు ఇంకొకరి దగ్గరికి వెళ్ళరని ఊళ్ళో పేరు. పెళ్ళయిన కొత్తలోనే వాడికి మాటలు వినబడటం మొదలైంది. డాక్టరు పాత మందు పెట్టాడు, మాటలు ఆగాయి. వాటితోపాటు చేతులు కూడా ఆగాయి. సూదిలో దారం ఎక్కించలేడు, కత్తెర గీత మీద నిలవదు. కొత్త రకం మందుకి మార్చారు. చేతులు బాగయ్యాయి, షుగరొచ్చింది. పొట్ట మిషనుకి తగులుతోంది. కుడుతూ కుడుతూ నిద్రపోయి, వేల్లో సూది దించుకున్నాడు. ఇంకోటి మార్చారు, అది పడలేదు. తిరిగి తిరిగి మళ్ళీ పాత మందు దగ్గరికే వచ్చారు.

ఒకసారి ఎవరికీ చెప్పకుండా మందు మానేశాడు. పెళ్ళి బట్టలు కుట్టమన్నవాళ్ళు గుడ్డలో మైకు దాచి పంపారని, వాళ్ళిచ్చిన బట్టలన్నీ ముక్కలు ముక్కలుగా కత్తిరించేశాడు. వాళ్ళు కొట్టుమీదకి వస్తే మా మరదలు సుజాత అడ్డంగా నిలబడి వాణ్ణి కాపాడుకుంది.

“అక్కా, ఇది వేసుకుంటే కుట్టలేను, మానేస్తే కత్తిరించేస్తాను. రెంటికీ చెడ్డ రేవడినయిపోయాను” అనేవాడు నవ్వుతూ.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ మాకు కొత్త మందు పంపింది. జబ్బు మీద బాగా పనిచేస్తోంది, మత్తు లేదు, బరువు లేదు. ఇక తేలాల్సింది ఒక్కటే, ఒళ్ళు బిగిస్తుందా లేదా అన్నది. దానికో పరీక్ష ఉంది. ఎలుక ముందు కాళ్ళు రెండూ ఒక కమ్మీ మీద ఆనించి వదిలేస్తాం. మామూలు ఎలుకైతే ‘నన్నిక్కడ నిలబెట్టడానికి నువ్వెవరివే’ అన్నట్టు వెంటనే దిగిపోతుంది. పాత మందు పడ్డ ఎలుక దిగదు. బొమ్మలా అలాగే ఉండిపోతుంది.

మా కొత్త మందు పడ్డ ఎలుకలు టకటకా దిగిపోయాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఆ ఆదివారమే దర్శి వెళ్ళి శేషుతో చెప్పాను. మనుషుల దాకా రావాలంటే ఏళ్ళు పడుతుందిరా అని కూడా చెప్పాను. అది వాడు విన్లేదు.

“మనుషులకి ఇచ్చి చూసేటప్పుడు మొదటి పేరు నాదే రాయించు. అది వచ్చేదాకానే ఈ పాత దరిద్రం మింగుతాను. అది రాకపోతే మాత్రం మానేస్తాను. ముందే చెప్తున్నా” అన్నాడు.

సుజాత నావంక చూసింది. నేను తలూపాను.

తుమ్ము

మా ల్యాబ్ గుంటూరు ఊరి బయట. ప్రహరీ అవతల మిరప కల్లం. కోతలయ్యాక వేసవంతా అక్కడ కాయ పరిచి ఆరబెడతారు, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తారు, ట్రాక్టర్లు వచ్చి కాయ కుక్కిన టిక్కీ బస్తాలు ఎత్తుకుపోతాయి. మధ్యాహ్నం గాలి లేచిందంటే ఆ ఘాటంతా మా మీదే. ఎలుకలుండే గదులకి వడపోసిన గాలి వెళ్తుంది కాబట్టి వాటికి బాధ లేదు. పరీక్షలు చేసే గది మాత్రం పాత కట్టడంలో ఉండేది. దానికి కిటికీలున్నాయి, ఎండాకాలం అవి తెరిచే ఉండేవి.

ఘాటని మాకెవరికీ ఎప్పుడూ తోచలేదు. పుట్టినప్పట్నుంచీ పీల్చే గాలే అది. చెప్తే నవ్వుతారు గానీ, కాయ ఘాటు లేకపోతే ఈ ఏడు పంట బాగాలేదేమో అనుకుంటాం మేము.

ఆ మందు సంగతి చూసుకోవడానికి కంపెనీ అనురాధ గారనే శాస్త్రవేత్తని పంపింది. శ్రీకాకుళం వైపు మనిషి, బెంగళూరులో ఉద్యోగం. కారు దిగుతూనే తుమ్మడం మొదలుపెట్టారు. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కుకి చీరకొంగు. మావాళ్ళకి ఒకటే నవ్వు.

“ఇదేం ఘాటండీ బాబూ! ఎలా బతుకుతున్నారండీ ఇక్కడ?”

“ఘాటా? ఎక్కడండీ?” అన్నాను నేను. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాను.

ఆవిడ చూస్తానంటే కమ్మీ పరీక్ష చేసి చూపిస్తున్నాను. కొత్త మందు వేసిన ఎలుకని నిలబెట్టాను. కిటికీలోంచి గాలి ఒక్క విసురు విసిరింది. అనురాధ గారు తుమ్మారు. కమ్మీ మీద ఎలుక కూడా తుమ్మి, పంజాతో మూతి రుద్దుకోబోయి, జారి కిందకి దిగింది.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

కాలిలో ముల్లు దిగినట్టయింది నాకు. ఎందుకంటే, ఈ మందుకి పోలికగా పెట్టుకున్న పాత మందు పరీక్ష మేము వానాకాలంలో చేసింది. అప్పుడు కల్లం ఖాళీ. అదే పరీక్ష మళ్ళీ చేసి ఇంకొన్ని జంతువుల్ని హింసించడం దేనికని, ఆ పాత లెక్కే తీసుకుని దీని పక్కన పెట్టాం. ఉద్దేశం మంచిదే. జంతువుల్ని తక్కువ వాడాలన్నది మా నియమం కూడా. కానీ ఒక మందుని వాన గాలిలో, ఇంకో మందుని మిరప గాలిలో చూసి, ఇది మేలు అది కీడు అన్నాం!

అనురాధ గారిని అక్కడే కూర్చోబెట్టి కొన్ని ఎలుకలకి పాత మందు వేశాను. అది ఒంటికి పట్టేదాకా ఆగి, ఒక్కోదాన్ని కమ్మీ మీద పెట్టాను. బొమ్మల్లా నిలబడిపోవాల్సిన ఎలుకలు తుమ్మి, మూతి రుద్దుకుని, ఒక్కొక్కటే దిగాయి. ఆ గదిలో పాత మందు కూడా కొత్త మందైపోయింది.

“మీకెవరికీ వాసన తెలియలేదాండీ?” అన్నారు ఆవిడ.

“మా ముక్కులు మిరపకాయలతోనే పుట్టాయండీ” అన్నాను.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మా పనిలో అది చెల్లదు. రెండు మెతుకులు పట్టుకోవాలి, రెండూ ఒకే గిన్నెలోవి అయ్యుండాలి. పోలిక పెట్టే జంతువు అదే రోజు, అదే గదిలో, అదే గాలి పీల్చి ఉండాలి. జంతువుల్ని తగ్గించాలంటే పరీక్ష సరిగ్గా చెయ్యడమే దారి. తప్పు పరీక్ష చేస్తే ఆ జంతువులన్నీ దండగే కదా.

మేడమీద అరుపులు

రంగారావు గారికి చెప్పాను. అప్పటికే ఆయన నాలుగు చోట్ల ఈ మందు గొప్ప చెప్పేసి ఉన్నారు.

“గుంటూర్లో మిరపకాయ ఘాటుగా ఉంటుందని ఇవాళ కనిపెట్టావా? ఎలుక తుమ్మిందని మందు పారేస్తామా?” గేటు దాకా వినపడి ఉంటుంది.

“పారెయ్యమనలేదండీ. వానలు పడ్డాక రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చేద్దాం.”

“కంపెనీ అప్పటిదాకా ఆగుతుందా? ఇదే మందు ఇంకో ల్యాబ్‌కి పోతుంది. అయినా నీ తమ్ముడి కోసమే కదా ఇంత తాపత్రయపడ్డావ్! చేతికొచ్చినదాన్ని నువ్వే కాలితో తంతావా?”

ఆ మాట నన్ను కాల్చింది. ఆయనకి శేషు సంగతి తెలుసు. ఒకసారి ఆయన చొక్కా కూడా వాడే కుట్టాడు.

“వాడి కోసమేనండీ. ఇది బయటికి పోతే ముందు మింగేది మావాడే. బిగుసుకుపోయేదీ వాడే. అప్పుడు వాడికి మీరు చెప్తారా, నేను చెప్పనా?”

రంగారావు గారు గొంతు తగ్గించి మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే. ఫోను దగ్గరికి లాక్కుని, “కంపెనీవాళ్ళకి నేను చెప్పుకుంటాను. నువ్వు ఆ కిటికీలు మూయించు ముందు” అన్నారు.

అరిచే బాసులకి భయపడకండి పిల్లలూ. చివరికి ఫోను ఎత్తుతాడా లేదా అన్నదే చూడండి. మెత్తగా నవ్వుతూ మాట్లాడి, అవసరమొచ్చినప్పుడు ఫోను మీకిచ్చేవాళ్ళని కూడా చూశాను నేను. వాళ్ళకంటే ఈయన వెయ్యి రెట్లు నయం.

వానలు పడ్డాయి. కల్లం ఖాళీ అయింది. కిటికీలు సీలు చేసిన గదిలో, రెండు మందులూ పక్కపక్కన పెట్టి, ఏ ఎలుకకి ఏది పడిందో నాకు తెలియకుండా వేయించి పరీక్ష చేశాను. కమ్మీ మీద ఎలుక నిలబడింది. నిలబడే ఉంది. మనసులో, ‘దిగవే తల్లీ, దిగు, నీ కాళ్ళు మొక్కుతా దిగు’ అనుకుంటున్నాను. దిగలేదు. దాని తర్వాతదీ దిగలేదు. ఏది ఏ మందో విప్పి చూస్తే, పాతదానికీ కొత్తదానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ మందు కథ అంతటితో ముగిసింది. తప్పు చేయలేదన్న ధైర్యం నాకుంది. కానీ ఇంటికెళ్ళి అన్నం సహించలేదు.

దర్శి

ఫోనులో చెప్పే మాట కాదని బస్సెక్కాను. కొట్లో శేషు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎవరిదో జాకెట్టు ముక్క, పక్కన సుజాత గుండీలు కుడుతోంది. నన్ను చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. సూది పక్కన పెట్టి, “కూర్చో వదినా” అంది.

“ఒరేయ్ శేషూ, ఆ మందు పనికిరాదురా.”

వాడు తలెత్తలేదు. మొదట్నించీ చెప్పాను. కల్లం, గాలి, తుమ్ములు, వానాకాలం అన్నీ. సుజాత కళ్ళు వాడిమీదే ఉన్నాయి. మాత్రల డబ్బా అలమరలో ఉంది. మానేస్తానన్న మాట ఇప్పుడు అంటాడేమోనని మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

“వానాకాలంలో పెడితే ఆ ఎలుకలు దిగలేదా?” అన్నాడు.

“దిగలేదురా.”

“దిగాలనే ఉంటుందక్కా వాటికి.”

నా ఉద్యోగమంతా ‘ఎలుక దిగలేదు’ అని రాశాను. దిగాలని ఉందో లేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

“ఇదిగో చూడు, కాలు పెడలు మీదే ఉంది” అన్నాడు. “తొక్కాలి అనుకుంటాను. ఎంతసేపైనా అనుకుంటూనే ఉంటాను. కాలు వినదు. సుజాత వెనకాల ఏ గిన్నో పడేసిందనుకో, ఉలిక్కిపడి టకటకా తొక్కేస్తాను. ఆ చప్పుడు అయిపోయాక మళ్ళీ ఇంతే. మీ ఎలుకలకి మిరప ఘాటు తగిలితే దిగాయంటే అది దిగడం కాదక్కా. నేను తొక్కడం లాంటిదే.”

“అవునురా. అదే.”

“అది చూసి మందు మంచిదనుకుని నాకిచ్చుంటే, ఏళ్ళ తరబడి ఎదురుచూసి, మళ్ళీ ఇలాగే కూర్చునేవాణ్ణి కదా?”

“అవును.”

కాసేపు జాకెట్టు ముక్కని వేళ్ళతో సర్దాడు. గీత మీదకి తేవడానికి చాలాసేపు పట్టింది. మేము సాయం చెయ్యలేదు, వాడికి ఇష్టముండదు.

“ఇంకోటి ఉందా?” అన్నాడు.

“ఉంది. ఈ మధ్యే వచ్చింది. అది ఏమవుతుందో తెలియదు.”

“దాన్ని కూడా కిటికీలు మూసే చూస్తావా?”

“మూసే చూస్తాను.”

శేషు అలమర వైపు చెయ్యి చాచాడు. సుజాత డబ్బా తీసి ఇచ్చింది, నీళ్ళ గ్లాసు వణుకుతున్న చేతికి అందించింది. మాత్ర నోట్లో వేసుకుని, సగం నీళ్ళు చొక్కామీద ఒలకబోసుకుంటూ మింగాడు. గ్లాసు కింద పెట్టి నావంక చూశాడు.

“మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావే? వెళ్ళు, బస్సుంది.”